నిద్రపుచ్చని మత్తు

"తెలివుండగానే తల కోస్తారటే? ఇదెక్కడి వైద్యమే తల్లీ!" అంది మా అమ్మ, తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేసి.

ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది? పన్ను పీకించుకోవడానికి కూడా మత్తు ఇంజెక్షను ఇస్తే గానీ నోరు తెరవని రోజులివి. అలాంటిది, మా వదిన తలలో కంతి ఉందనీ, పుర్రె తెరిచాక ఆవిణ్ణి నిద్రలేపి, మాట్లాడిస్తూ మాట్లాడిస్తూ ఆ కంతి తీస్తారనీ అన్నయ్య ఫోనులో చెప్పినప్పుడు నాకూ ఒక్క క్షణం కాళ్లలో సత్తువ పోయినట్టయింది. అమ్మకి ధైర్యం చెప్పాల్సినదాన్ని కదా, అందుకని గంభీరంగా, "ఇప్పుడు ఇలాగే చేస్తున్నారటమ్మా" అన్నాను. నిజానికి అప్పటికి ఆ సంగతి నాకు తెలిసింది సున్న.

మా వదిన లెక్కల టీచరు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఎక్కం తప్పు చెప్పిన పిల్లాడి వైపు కళ్లజోడు పైనుంచి ఒక్క చూపు చూసిందంటే చాలు, వాడికి పందొమ్మిదో ఎక్కం కూడా గుర్తుకొచ్చేసేది. అలాంటి మనిషి ఒకరోజు క్లాసులో సుద్దముక్క చేత్తో పట్టుకుని, "ఇది... దీన్ని..." అంటూ ఆగిపోయిందట. పిల్లలు నవ్వారు. తనూ నవ్వేసింది. వయసు మీద పడుతోంది కాబోలు అనుకుంది. ఆ తర్వాత నెలకి వంటింట్లో ఫిట్సు వచ్చి పడిపోయింది. స్కానింగులో తేలింది... ఎడమ కణత వెనక, మాటలు పుట్టే చోటుకి ఆనుకుని, నిమ్మకాయంత కంతి.

ఆపరేషనుకి రెండు రోజుల ముందు సాయంత్రం ఆస్పత్రి గదిలోకి ఓ అమ్మాయి వచ్చింది. ముప్పై దాటి రెండు మూడేళ్లుంటాయేమో. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని, "నేను మత్తు డాక్టర్నండీ" అంది. బీపీ, షుగరు, పడని మందులు - అన్నీ అడిగింది. అవన్నీ అయ్యాక, "టీచరుగారూ, మీరు మనసులో లెక్క వేసుకునేటప్పుడు ఏ భాషలో వేసుకుంటారు?" అంది.

వదిన తడుముకుంటూనే, "బళ్లో ఇంగ్లీషేనమ్మా. కూరల బజార్లో మాత్రం తెలుగు" అంది.

"అయితే నేనూ తెలుగులోనే అడుగుతాను" అని నవ్వి, సంచీలోంచి ఓ బొమ్మల కట్ట తీసింది. ఆపరేషను జరుగుతుండగా అవి చూపించి పేర్లు అడుగుతారట. చూద్దును కదా, అందులో మంచుతో చేసిన మనిషి బొమ్మా, మనదేశంలో ఎవరింటా కనపడని వాయిద్యమూ! "ఇవి మీకు పనికిరావు. మీ ఇంట్లో రోజూ వాడే వస్తువుల ఫొటోలు తీసి తేగలరా?" అని నా వైపు తిరిగింది.

ఆ రాత్రి అన్నయ్యగారింట్లో నేనూ, మా మేనకోడలూ కలిసి వంటిల్లంతా గాలించాం. చేట, జల్లెడ, కత్తిపీట, అప్పడాల కర్ర, కవ్వం, దువ్వెన, గొడుగు, తాళంచెవి... మొత్తం అరవై ఫొటోలు. మర్నాడు వదిన ఒక్కొక్కటే చూసి పేరు చెప్పింది. ఎక్కడ తడుముకుంటే ఆ ఫొటో డాక్టరమ్మ పక్కన పెట్టేసింది. ఇవాళే రాని మాట రేపు రాకపోతే, అది కరెంటు వల్ల రాలేదో, జబ్బు వల్ల రాలేదో తెలియదు కదా! కవ్వం దగ్గర వదిన రెండు అరచేతులూ చేర్చి అటూ ఇటూ తిప్పి చూపించింది. మజ్జిగ చిలికినట్టే. పేరు మాత్రం రాలేదు. కవ్వం పక్కకి వెళ్లిపోయింది.

మత్తిచ్చి నిద్రపుచ్చాల్సిన డాక్టరు వచ్చి మాటలు ఏరుకుపోవడమేమిటి? నేను బి.ఏ. చదివి కథలూ నవలలూ రాసుకునేదాన్ని. సైన్సు అంటే చిన్నప్పట్నించీ ఆమడ దూరం. కానీ భయం వేసినప్పుడు పుస్తకంలో తల దూర్చడం నా అలవాటు. ఆ రెండు రాత్రులూ, ఆ తర్వాత చాలా రాత్రులూ నేను చదువుకున్న కథ ఇది. మీతో చెప్పుకోవాలనిపించింది.

మత్తుమందులు రాకముందు ఆపరేషనంటే ఏమిటో తెలుసుకోవాలంటే డాక్టర్ల పుస్తకాలు అక్కర్లేదు. ఒక నవలా రచయిత్రి రాసిన ఉత్తరం చాలు. ఆవిడ పేరు ఫానీ బర్నీ. ఇంగ్లీషు నవలా రచయిత్రుల్లో తొలితరం మనిషి. 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో ఆవిడకి రొమ్ము ఆపరేషను చేశారు. అప్పటికి ఆవిడ వయసు 59. కత్తి పట్టినవాడు నెపోలియన్ సైన్యానికి వైద్యం చేసిన లారే అనే పేరుమోసిన సర్జను. అంత పెద్ద డాక్టరూ ఆవిడకి ఇవ్వగలిగింది కాస్త ద్రాక్షసారా కలిపిన మందు మాత్రమే! ముఖం మీద కప్పిన పల్చటి గుడ్డలోంచి కత్తి తళుక్కుమనడం కూడా ఆవిడకి కనిపించిందట. ఆ సంగతంతా తన అక్కకి ఉత్తరం రాయడానికి ఆవిడకి నెలలు పట్టింది. ఆ తర్వాత 1840 దాకా బతికింది.

ఆ ఉత్తరం చదివాక నాకు ఒకటి అర్థమయింది. మా అమ్మ భయం ఇవాళ్టిది కాదు. తెలివుండగా కోయించుకోవడమన్నది మనుషుల్ని తరతరాలుగా వెంటాడిన భయం. అందుకే 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ల డాక్టరు ఈథరు వాసన చూపించి, ఒక యువకుడి మెడమీది కంతిని నొప్పి తెలియకుండా తీయిస్తే, ఆ వార్త ఓడలెక్కి ఊరూరా పాకింది. ఆ యువకుడు లేచాక ఏమన్నాడో తెలుసా? ఏదో గీరినట్టు అనిపించింది తప్ప నొప్పి తెలియలేదన్నాడు. అంటే పూర్తిగా నిద్ర కూడా పోలేదన్నమాట! నొప్పిని తీసెయ్యడం వేరు, మనిషిని నిద్రపుచ్చడం వేరు అన్న రహస్యం మొదటి రోజునే బయటపడింది. ఎవరూ అంతగా పట్టించుకోలేదు, అంతే.

మరుసటి ఏడే, అంటే 1847లో, ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం వాడకంలోకి తెచ్చాడు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి తన ఎనిమిదో కాన్పుకి ఆ మందు తీసుకుంది. ఇచ్చిన డాక్టరు జాన్ స్నో. రుమాలు మీద కొంచెం కొంచెం చల్లుతూ, నొప్పి వచ్చినప్పుడల్లా వాసన చూపిస్తూ యాభై మూడు నిమిషాలు గడిపాడు. రాణిగారు స్పృహ తప్పలేదు. నొప్పి మాత్రం తగ్గింది. రాణిగారే తీసుకున్నాక ఇంక అడ్డేముంది? గొప్పింటి ఆడవాళ్లంతా అదే కావాలన్నారు.

కానీ క్లోరోఫారం నమ్మదగిన చుట్టం కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా బల్ల మీదే ప్రాణాలు విడిచిన సంఘటనలు మొదలయ్యాయి. ఆగేది గుండా, ఊపిరా? ఆ తగువు తేల్చడానికి ప్రపంచమంతా చూసింది ఎక్కడికనుకున్నారు? మన హైదరాబాదుకి! నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఎడ్వర్డ్ లారీ అనే ఇంగ్లీషు డాక్టరు ఉండేవాడు. 1888లో, 1889లో ఇక్కడ రెండు క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. రెండో దానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు రావడానికి నిజాంగారు వెయ్యి పౌన్లు ఇచ్చారు. జంతువుల మీద వందల ప్రయోగాలు చేసి లారీ బృందం చెప్పింది ఇదీ - నాడి పట్టుకుని కూర్చోకండి, ఊపిరి కనిపెట్టి చూడండి, ఊపిరి బాగుంటే భయం లేదు అని. అది సగం నిజమే. క్లోరోఫారం గుండెని కూడా చటుక్కున ఆపగలదని 1911లో లెవీ అనే ఆయన రుజువు చేశాడు. అయినా ఊపిరి కనిపెట్టి ఉండాలన్న ఆ మాట మాత్రం ఇవాళ్టికీ ప్రతి మత్తు డాక్టరుకీ మొదటి పాఠమే.

అన్నట్టు, ఆ రోజుల్లో హైదరాబాదు ఆస్పత్రుల్లో రోగులకి క్లోరోఫారం ఇచ్చినవాళ్లలో ఒక పార్శీ అమ్మాయి ఉంది. పేరు రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరిన తొలి ఆడపిల్లల్లో ఒకరు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలు ఆవిడేనని చాలామంది చరిత్రకారులు అంటారు. 1909లో పైచదువులకి ఎడింబరో కూడా వెళ్లింది. ఆడపిల్ల గడప దాటితే వింతగా చూసే రోజుల్లో, మగ డాక్టర్ల మధ్య నిలబడి, రోగి ఊపిరి లెక్కపెడుతున్న ఆ అమ్మాయిని ఊహించుకుంటే, వదిన పక్కన స్టూలు లాక్కుని కూర్చున్న డాక్టరమ్మ గుర్తుకొచ్చింది నాకు. ఒకే వృత్తి. మధ్యలో 130 ఏళ్ల పైచిలుకు.

సరే, ఇంత కష్టపడి నిద్రపుచ్చడం నేర్చుకున్నారు కదా, మరి మెదడు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మేలుకోమనడం దేనికి?

మొదటి కారణం వింటే మీరు నమ్మరు. మెదడుకి నొప్పి తెలియదు! ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా మనకి తెలియజెప్పే ఆ మెదడుని ముట్టుకున్నా, కోసినా దానికి మాత్రం ఏమీ తెలియదు. నొప్పి తెలిసేవి నెత్తిమీది చర్మం, ఎముకను కప్పి ఉండే పొర, మెదడు మీద దుప్పటిలా పరుచుకున్న దళసరి పొర. వీటిని మొద్దుబారిస్తే చాలు.

రెండో కారణం, ఆనాటి మత్తు మెదడుకి పడేది కాదు. ఈథరు పీలిస్తే దగ్గూ, పెనుగులాటా వస్తాయి. అవి వస్తే మెదడు ఉబ్బి పైకి పొంగుతుంది. 1886లో లండన్‌లో మెదడు ఆపరేషన్లు మొదలుపెట్టిన విక్టర్ హార్స్‌లీ, రక్తం తక్కువ కారుతుందని క్లోరోఫారమే మేలన్నాడు. కానీ గంటల తరబడి సాగే ఆపరేషనులో క్లోరోఫారం అంటే పులి మీద స్వారీయే కదా.

దారి చూపించింది కంటి డాక్టరు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్రడాక్టరు కొకెయిన్ చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని కనిపెట్టాడు. మనిషి మెలకువగానే ఉంటాడు, కంటికి మాత్రం నొప్పి తెలియదు. కొకెయిన్ ప్రమాదకరమైన మందు. 1905 నాటికి దానికి బదులు నోవొకెయిన్ వచ్చింది. ఇంక ఒంట్లో ఏ భాగానికి ఆ భాగాన్నే మొద్దుబార్చే వీలు కలిగింది.

ఇక్కడ హార్వే కుషింగ్ సంగతి చెప్పాలి. మెదడు ఆపరేషన్లకి ఆద్యుడని అమెరికాలో ఆయనకి పేరు. 1893లో ఆయన ఇంకా మెడికల్ స్టూడెంటు. ఒకరోజు ఉన్నట్టుండి పిలిచి ఒక రోగికి ఈథరు ఇమ్మన్నారు. సరైన శిక్షణే లేదు. రోగి చచ్చిపోయాడు. ఇలాంటివి మామూలే అన్నారట పెద్దవాళ్లు. కుషింగ్ మాత్రం ఆ రాత్రి వైద్యం చదువే మానేద్దామనుకున్నాడు. మానలేదు. తన స్నేహితుడు కాడ్‌మన్‌తో కలిసి, మత్తులో ఉన్న రోగి నాడీ ఊపిరీ ఎప్పటికప్పుడు కాగితం మీద రాసే పద్ధతి మొదలుపెట్టాడు. 1901లో ఇటలీ వెళ్లి రక్తపోటు కొలిచే పట్టీ చూసి వచ్చి, దాన్నీ ఆపరేషన్ థియేటరులోకి తెచ్చాడు. ఇవాళ మనకి ఐ.సి.యు. అద్దంలోంచి కనిపించే ఆ పచ్చగీతల యంత్రం వెనక ఒక కుర్రవాడి పశ్చాత్తాపం ఉందన్నమాట! ఆ కుషింగే 1909లో, మెలకువగా ఉన్న ఇద్దరు మూర్ఛరోగుల మెదడుని సన్నటి కరెంటుతో తాకి, చేతిలో ఏమనిపిస్తోందని అడిగాడు. నొప్పి లేదు, చేతిని ఎవరో ముట్టుకున్నట్టుంది అన్నారు వాళ్లు.

ఆ ప్రశ్నని వేలసార్లు అడిగి, జవాబులతో మెదడుకి పటం గీయించినవాడు కెనడాలోని మాంట్రియల్ డాక్టరు వైల్డర్ పెన్‌ఫీల్డ్. ఆయన 1928లో జర్మనీ వెళ్లి బ్రెస్లావ్‌లో ఫోయర్‌స్టర్ అనే డాక్టరు దగ్గర ఆరు నెలలు ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తలకి దెబ్బ తగిలి, ఆ మచ్చ వల్ల మూర్ఛలు వస్తున్న సైనికులకి ఫోయర్‌స్టర్ మెలకువగానే ఆపరేషను చేసేవాడు. ఆ విద్య పట్టుకుని పెన్‌ఫీల్డ్ మాంట్రియల్ వచ్చిన కొద్ది నెలలకే, ఆ డిసెంబరులో, ఆయన తన తోబుట్టువుకే ఆపరేషను చెయ్యాల్సి వచ్చింది.

ఆవిడ పేరు రూత్. ఆరుగురు బిడ్డల తల్లి. మెదడు ముందుభాగంలో పెద్ద కంతి. అన్నదమ్ముడే కత్తి పట్టుకుని, చెయ్యగలిగినంతా తీశాడు. ఆవిడ లేచింది, మాట్లాడింది, నవ్వింది. బాగుపడినట్టే కనపడింది. ఏడాది దాటాక ఒకరోజు ఇంటికి ఒక అతిథిని భోజనానికి పిలిచింది. ఇంట్లోవాళ్లు నలుగురు, అతిథి ఒకరు. మనకైతే లెక్కలోనిది కాదు కదా! తీరా వేళయ్యేసరికి సామానంతా వంటింట్లోనే ఉంది. ఒకటి రెండు గిన్నెలు పొయ్యిమీద ఉన్నాయి. మాంసం ఇంకా మొదలే పెట్టలేదు. ఆవిడ వాటి మధ్య ఏంచెయ్యాలో తోచక నిలబడి ఉంది. వండటం వచ్చు. ఏది ముందు, ఏది వెనక అన్న ఒక్కటీ పోయింది. పెన్‌ఫీల్డ్ ఆ సంగతిని దాచుకోకుండా 1935లో వైద్యపత్రికలో రాశాడు. రూత్ 1931లోనే కన్నుమూసింది.

ఆ పేరా చదివి నేను పుస్తకం మూసేశాను. కొంచెంసేపు వెళ్లి పెరట్లో నిలబడ్డాను. మెదడులోంచి ఏం తీస్తున్నారన్నది తక్కెట్లో వేసి తూచేది కాదు. తీశాక ఆ మనిషి వంటింట్లో ఎలా నిలబడుతుందన్నది లెక్క. అది చెప్పగలిగినవాళ్లు ఎవరు? ఆ మనిషే. అందుకే లేపడం.

మాంట్రియల్‌లో 1934లో పెన్‌ఫీల్డ్ పెట్టిన నరాల వైద్య సంస్థలో జరిగింది అదే. నెత్తి మొద్దుబార్చి, పుర్రె తెరిచి, మెదడు మీద అక్కడా అక్కడా సన్నటి కరెంటు తాకిస్తారు. బొటనవేలు జివ్వుమందా? అక్కడో అంకె వేసిన చిన్న కాగితం ముక్క పెడతారు. మాట ఆగిపోయిందా? ఇంకో అంకె. ఒక తల్లికైతే తను వంటింట్లో ఉన్నట్టూ, బయట ఆడుకుంటున్న కొడుకు గొంతు వినపడుతున్నట్టూ అనిపించిందట! ఇలా 163 ఆపరేషన్లలో తెలిసిందంతా కూర్చి 1937లో అచ్చువేశారు. పెద్ద పెదవులూ, పెద్ద చేతులూ ఉన్న ఆ వింత మనిషి బొమ్మని మీరు పిల్లల సైన్సు పుస్తకాల్లో చూసే ఉంటారు. దాన్ని మొదట గీసింది కూడా ఒక స్త్రీయే - శ్రీమతి కాంట్లీ. ఆ సంస్థలోనే శిక్షణ పొందిన జేకబ్ చాందీ 1949లో వెల్లూరు వచ్చి, మనదేశంలో మొదటి మెదడు శస్త్రచికిత్స విభాగం తెరిచారు.

ఇదంతా సర్జన్ల గొప్ప. మరి మత్తు డాక్టరు ఏం చేస్తున్నట్టు? అక్కడే ఉంది అసలు కష్టం. మందు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. ఊపిరి మందగిస్తే రక్తంలో చెడుగాలి పెరిగి మెదడు ఉబ్బుతుంది. రోగి మాట్లాడకుండా మగతలో ఏదో గొణుగుతుంది. మందు తక్కువైతే నొప్పి, భయం, కదిలిపోవడం. తలేమో మూడు ములుకుల బిగింపులో ఉంటుంది, కదలకూడదు. గొంతులో గొట్టం పెడదామంటే మాట్లాడాలాయె! కత్తి అంచుమీద నడకంటే ఇదే.

ఆ కత్తి అంచుని కొంచెం కొంచెంగా వెడల్పు చేస్తూ వచ్చాయి మందులు. 1960లో బెల్జియంలో పాల్ జాన్సెన్ ఫెంటనిల్ తయారుచేశాడు. నొప్పిని గట్టిగా పట్టే మందు. దానికి డ్రోపెరిడాల్ జతచేసి, మాంట్రియల్ డాక్టర్లు రోగిని నిమ్మళంగా, పిలిస్తే పలికేలా ఉంచడం నేర్చుకున్నారు. 1986లో పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్ వాడకంలోకి వచ్చింది. ఆపితే కాసేపట్లోనే తెలివి వస్తుంది. గొంతు లోపలికి దిగకుండా, పైనే కూర్చుని గాలి అందించే మెత్తటి గొట్టాన్ని 1980ల్లో ఆర్చీ బ్రెయిన్ అనే ఇంగ్లీషు డాక్టరు తయారుచేశాడు. పేరు చూశారా, ఆయన ఇంటిపేరే మెదడు! ఈ రెండింటితో, పుర్రె తెరిచేదాకా నిద్ర, పని జరిగేటప్పుడు మెలకువ, మూసేటప్పుడు మళ్లీ నిద్ర అనే పద్ధతి వచ్చింది. 1999లో అమెరికాలో అనుమతి పొందిన డెక్స్‌మెడెటొమిడిన్ ఇంకా చిత్రమైనది. ఊపిరిని అంతగా అణచదు. మధ్యాహ్నం కునుకులాంటి నిద్ర. పేరుపెట్టి పిలిస్తే కళ్లు తెరుస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం నెత్తికిచ్చే ఇంజెక్షన్లు. నుదుటినుంచి మెడ వెనకదాకా నెత్తికి నొప్పి తెలిపే నరాలు ఒక్కోవైపు ఆరు. ఆ పన్నెండు చోట్లా మందు సరిగ్గా పడితే గంటల తరబడి నొప్పి ఉండదు. ఇక మిగిలినవన్నీ చూడ్డానికి చిన్నవి. గంటల తరబడి ఒకే వైపు పడుకోవాలి గనక మోకాళ్ల మధ్య దిండు, భుజం కింద మెత్త. ఒళ్లు చల్లబడకుండా వెచ్చటి గాలి. వాంతి రాకుండా మందు. ముఖం మీద దుప్పటి పడకుండా, ఒకరినొకరు చూసుకునేలా ఎత్తి కట్టిన పందిరి. కరెంటు వల్ల ఫిట్సు వస్తే వెంటనే మెదడు మీద మంచులా చల్లటి సెలైను పోస్తారు. సాధారణంగా అంతటితో ఆగిపోతుంది.

భాష సంగతి కూడా తెలిసింది. రెండు భాషలు వచ్చినవాళ్లకి ఒక్కోచోట తాకిస్తే ఒక భాషలో పేరు ఆగిపోయి రెండోది వస్తుందని 1978లో అమెరికాలోని ఓజ్‌మన్, విటేకర్ అనే శాస్త్రజ్ఞులు చూపించారు. డాక్టరమ్మ ఎక్కాలు ఏ భాషలో అని ఎందుకడిగిందో అప్పుడు బోధపడింది. ఇంగ్లీషులో పరీక్ష చేసి, ఫరవాలేదని తీసేసి, తీరా ఇంటికొచ్చాక తెలుగు రాకపోతే?

మనవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 2017లో గుంటూరులో ఒకావిడకి బాహుబలి సినిమా చూపిస్తూ ఆపరేషను చేశారు. 2022లో సికింద్రాబాదు గాంధీ ఆస్పత్రిలో చిరంజీవి అడవిదొంగ. 2024లో కాకినాడ ప్రభుత్వాస్పత్రిలో అదుర్స్. పేపర్లో చదివి అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడంలేదు. భయపడుతున్న మనిషికి తెలిసిన ముఖం, తెలిసిన పాట కన్నా మంచి మందు ఏముంటుంది?

వదిన ఆపరేషను ఆరు గంటలు పట్టింది. లోపల ఏం జరిగిందో తర్వాత ఆవిడే చెప్పింది. "ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. కళ్లు తెరిస్తే డాక్టరమ్మ కళ్లు కనిపించాయి. ముక్కూ నోరూ గుడ్డ కట్టుకుందిగా, కళ్లే. చెయ్యి పట్టుకుని, టీచరుగారూ, ఏడో ఎక్కం చెప్పండి అంది. నాకు నవ్వొచ్చింది. ఇరవై ఆరేళ్లు నేను అడిగితే వాళ్లు చెప్పారు. ఇప్పుడు నా వంతు!"

చేట, గొడుగు, దువ్వెన... అన్నీ వరసగా చెప్పిందట. జల్లెడ దగ్గర మాట ఆగిపోయింది. అదేమిటో తెలుస్తోంది, నోటికి రావడంలేదు. కరెంటు తీశారు. వచ్చేసింది. మళ్లీ తాకించారు. మళ్లీ పోయింది. డాక్టరమ్మ సర్జనుగారితో, "ఇక్కడ వద్దు సార్" అంది. ఆయన అక్కడ ఆగిపోయాడు.

అందుకే కంతిలో చిటికెడు లోపలే ఉండిపోయింది. ఆరునెలలకోసారి స్కానింగు తీయించాలి. అది పెరుగుతుందో, అలాగే ఉంటుందో చూస్తూ ఉండాలి. అన్నయ్య ఒకటి రెండుసార్లు, "అదీ తీసేస్తే పోయేదేమో" అన్నాడు. వదిన, "తీసేస్తే మీతో ఏ భాషలో పోట్లాడను?" అంది.

మొన్న సంక్రాంతికి వెళ్లాను. వద్దంటున్నా వినకుండా వదినే వంట మొదలుపెట్టింది. నేను గుమ్మం పక్కన నిలబడి చూస్తూ ఉన్నాను. ఎందుకు చూస్తున్నానో ఆవిడకి తెలియదు. ఆవిడకి రూత్ సంగతి నేను చెప్పలేదు. కుక్కరు ఎక్కించింది. పప్పు ఉడికేలోగా వంకాయలు తరిగింది. ఒక పొయ్యి మీద పులుసు మరుగుతుంటే రెండో దాని మీద పోపు వేసింది. అన్నం, పప్పు, కూర, పులుసు... పన్నెండున్నరకి అన్నీ ఒక్కసారి సిద్ధమయ్యాయి. నా కళ్లలో నీళ్లు తిరిగితే పోపు ఘాటు అనుకుంది.

చివరికి పెరుగు గిన్నె ముందు పెట్టుకుని నా వైపు చెయ్యి చాచింది. "అమ్మాయ్, ఆ గోడకి ఉంది చూడు, అది... అదీ..."

నాకు నోటిదాకా వచ్చింది. అందించకుండా పళ్లు బిగబట్టి నిలబడ్డాను. వదిన కళ్లు మూసుకుని వెతుక్కుంది. దొరకలేదు. ఇంతలో నవ్వేసి, "దాని పేరేదైతేనేం, ఇటివ్వు ముందు. మజ్జిగ చిలకాలి" అంది.

తీసి ఇచ్చాను.